ఫీబు చెక్కిన వైపు

నది ఒడ్డు నుంచి దుంగల మీద దొర్లించుకుంటూ ఆ సున్నపురాతి పలకని పమూతి వాకిట్లోకి చేర్చేసరికి మధ్యాహ్నమైంది. తెచ్చిన ఆరుగురూ దాన్ని గోడకి ఆనించి, పమూతి భార్య నొన్న పోసిన పుల్లటి ద్రాక్షసారా తాగి, నడుములు పట్టుకుని వెళ్ళిపోయారు. తాపీమేస్త్రి సెరేను మాత్రం ఆగాడు. పెమ్జె ఊరి బయట మఠంలో కొత్త చర్చికి గోడలు లేపుతున్నది అతనే. మఠాధిపతి మాట చెప్పి పోవాలి.

"ఇదిగో అన్నా, ఇది పూజాపీఠం పైన గూట్లో కూచునే రాయి. ఈ నున్నటి వైపు సిలువ చెక్కాలి, చుట్టూ ఆకులు. మిఖాయేలు దేవదూత పండక్కి గోడలో పెట్టెయ్యాలి. రెండోవైపు సంగతి నీకక్కర్లేదు, అది మట్టిలోకి పోయేదే."

"ఏముంది రెండోవైపు?"

"పాత సమాధి మంటపం కూలిపోతే తెచ్చిన రాయి గదా, ఏవో ద్రాక్షతీగలూ, బట్టల్లేని పిల్లలూను. నా పూజాస్థలంలో పిర్రలు కనపడ్డానికి వీల్లేదన్నాడు పెద్దాయన."

పమూతి నవ్వుతూనే రాయికీ గోడకీ మధ్య సందులోకి తల దూర్చాడు. ఆ నవ్వు అక్కడే ఉండిపోయింది.

కింది మూల నుంచి లేచిన ద్రాక్షతీగ సున్నాలు చుట్టుకుంటూ పైకి పాకింది. ఒక్కో చుట్టులో ఒక్కో బొద్దు పిల్లవాడు. ఒకడు గుత్తి కోస్తున్నాడు, ఒకడు తొక్కుతున్నాడు, ఇంకొకడు తొక్కే పని ఎగ్గొట్టి తింటున్నాడు. ఆకులకీ వెనకున్న రాతికీ మధ్య నీడ ఎంత నల్లగా ఉందంటే, తీగ రాతిని అంటుకుని ఉన్నట్టే లేదు, గాలిలో అల్లుకున్నట్టుంది. ముప్ఫై ఏళ్ళ దుమ్ము పట్టినా ఆ నలుపు నలుపుగానే ఉంది.

ఫీబు పని. పేరు చెప్పాల్సిన అవసరం లేదు. పమూతి కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమినా చెప్పగలడు.

ఫీబూ పమూతీ ఇద్దరూ నొన్న తండ్రి దగ్గరే ఉలి పట్టారు. ఊళ్ళోకెల్లా పెద్ద కుటుంబం వాళ్ళు తమ సమాధికి మంటపం కట్టించాలనుకున్న ఏడాది, గురువుగారి చేతిలో ఇవ్వడానికి రెండున్నాయి: మంటపం ముఖాన నిలబడే రాయి ఒకటి, పెళ్ళీడుకొచ్చిన కూతురు ఒకటి. రాయిని ఫీబుకిచ్చాడు, కూతుర్ని పమూతికిచ్చాడు. పమూతికి దక్కింది స్తంభాల తలల మీద ఆకులు చెక్కే పని. అదృష్టవంతుడివిరా అని ఊరంతా పమూతి వీపు తట్టింది. పైకి అతనూ అదే అన్నాడు. లోపల మాత్రం పెళ్ళిపీట మీద కూచున్నా మనసంతా ఆ రాయి దగ్గరే ఉంది. మంటపం పూర్తయ్యాక ఆ నీడ చూడ్డానికి పడవలెక్కి వచ్చారు జనం. "ఎలా చెక్కాడయ్యా ఆ చీకటిని!" అన్నారు. స్తంభాల తలలకేసి కన్నెత్తి చూసినవాడు లేడు.

పోనీ, పోటీకి నిలబడి ఎప్పటికైనా ఓడిద్దామంటే, మూడేళ్ళకే ఫీబు ఉలి పక్కన పడేసి మఠంలో చేరిపోయాడు. ఇప్పుడు అక్కడ రొట్టెలు కాలుస్తాడు. ఆ తర్వాత పెమ్జెలో పమూతిని మించిన శిల్పి లేడు. కానీ పమూతి ఏం చెక్కినా, ఎవడో ఒక ముసలాడు తల పంకించి, "బాగుంది. ఫీబు ఉండుంటేనా..." అనేవాడు. ఆ "ఉండుంటేనా" ముప్ఫై ఏళ్ళుగా పమూతి అన్నంలో రాయిలా తగులుతూనే ఉంది.

అందుకే ఆ మధ్యాహ్నం సందులోంచి తల బయటికి తీసేసరికి అతని ముఖం పండగలా ఉంది.

"ఏమే! విన్నావా? ఇది మట్టిలోకి పోతోంది! ముఖం గోడకేసి! ఎల్లకాలం!"

"విన్నాను. రాయిగా పుట్టినందుకు దానికి తప్పదు. నువ్వెందుకు గంతులేస్తున్నావు?" అంది నొన్న పెసలు చెరుగుతూ.

"నీకు తెలీదులే."

"ముప్ఫై ఏళ్ళుగా నీ పక్కన పడుకుంటున్నాను, నాకు తెలీకపోతే ఎవరికి తెలుస్తుంది? మా నాన్న ఆ రాయి నీకిచ్చి నన్ను ఫీబన్నకిచ్చుంటే ఈపాటికి నువ్వే రొట్టెలు కాలుస్తూ హాయిగా ఉండేవాడివి."

పని మొదలెట్టాలంటే రాయిని బోర్లా పడుకోబెట్టాలి. గడ్డి కుక్కిన గోనెసంచులు పరిచి, ఫీబు వైపు కిందకి పెట్టి పడుకోబెట్టారు. మర్నాడు పొద్దున్నే పమూతి ఇద్దరు మనుషుల్ని పిలిపించి మళ్ళీ నిలబెట్టించాడు. సంచులు సరిగ్గా సర్దలేదన్నాడు. ఆ తర్వాతి రోజు తేమ పట్టిందేమో చూడాలన్నాడు. మూడో రోజు ఏ సాకూ చెప్పలేదు. నిలబెట్టించి, ముక్కాలిపీట లాక్కుని, దాని ఎదురుగా కూచున్నాడు.

"నన్ను ఇలా ఎప్పుడైనా చూశావా?" అంది నొన్న గుమ్మంలోంచి.

ఆ ఎత్తిపొడుపులో అబద్ధం లేదు. ఆ తీగలో ఏ ఆకు ఎటు తిరిగిందో అతనికి తన పిల్లల పుట్టుమచ్చల కంటే బాగా తెలుసు. మట్టిలో కలిసిపోతోందని సంతోషించినవాడికి ఇప్పుడు ఇంకో బెంగ పట్టుకుంది. గోడలోకి పోతే పోయింది, పోయాక దాన్ని గెలవడమెలా? రెండూ పక్కపక్కన ఉండేది ఈ నెల్లాళ్ళే. ఈ నెల్లాళ్ళలో ఇటువైపు అటువైపుని మించాలి. మించిందని ఫీబు నోటితోనే అనాలి. ఇంకెవరన్నా లాభం లేదు.

మించాలంటే నీడ కావాలి. నీడ కావాలంటే లోతు కావాలి. రాయి మందం తొమ్మిది వేళ్ళు. ఫీబు అటునుంచి ఎంత దింపాడో తెలిస్తే తప్ప ఇటునుంచి ఎంత దింపవచ్చో తేలదు. పమూతి ఖర్జూరపు ఈనె ఒకటి విరిచి, ఆకుల వెనక నల్లటి బెజ్జాల్లో ఒక్కోదానిలో గుచ్చి కొలిచాడు. ఎక్కడ గుచ్చినా రెండు వేళ్ళకి మించి దిగలేదు. రెండే రెండు వేళ్ళు! అంత తక్కువ లోతులో అంత చీకటి ఎలా తెచ్చాడో అర్థం కాక మరింత మండింది కడుపు.

"ఫీబన్ననే అడగరాదూ? మఠమెంత దూరం, ఈ పప్పు ఉడికేలోపు వెళ్ళొస్తావు," అంది నొన్న.

"వాణ్ణా? నేనా? పోయి, బాబూ నీ చీకటెంత లోతు అని అడగాలా? అంతకన్నా ఈ రాయి నెత్తిన వేసుకుని చావడం నయం."

"వేసుకుందువుగాని, ముందు తిను."

పమూతి ఆ ఇరవై రోజులూ జీవితంలో ఎప్పుడూ చెక్కనంత బాగా చెక్కాడు. ఈ మాట ఒప్పుకోవాల్సిందే. నడుమ సిలువ, దాని చుట్టూ పూలదండ, దండ చుట్టూ అంచులు రంపంలా చీలిన ఆకులు. ఆకులన్నీ ఒకేవైపు గాలికి వాలినట్టు వాలాయి. ఉలితో చెయ్యగలిగిందంతా అయ్యాక, తాడు లాగి తిప్పుతూ బెజ్జాలు వేసే బరమా తీశాడు. అతను పిడి పట్టుకుని నొక్కుతుంటే నొన్న తాడు అటూ ఇటూ లాగేది. పెళ్ళయిన కొత్తల్నుంచీ ఆ తాడు ఆవిడదే. ఆకుల మధ్య బెజ్జాలు ఒక్కొక్కటే దిగాయి. మూడు వేళ్ళు. నాలుగు వేళ్ళు. పమూతి వెనక్కి జరిగి చూశాడు. నీడ వచ్చింది. బూడిదరంగు నీడ. మంచి నీడే, ఇంకెవరైనా అయితే ఎగిరి గంతేసేవారు.

"ఇంకో అర వేలు," అన్నాడు.

"చాలు. బ్రహ్మాండంగా ఉంది."

"నీకేం తెలుసు? లాగు."

"మా నాన్న కూతుర్నయ్యా, నాకు తెలుసు. చాలు."

"లాగమన్నానా!"

నొన్న లాగింది. నాలుగో లాగుకి బరమా ఒక్కసారిగా వెన్నలోకి దిగినట్టు దిగిపోయింది. పమూతి చెయ్యి రాయికి కొట్టుకుంది. గబుక్కున పైకి తీశాడు. బరమా కొసకి తెల్లటి సున్నపుపొడి అంటుకుని ఉండాలి. నల్లగా ఉంది. పొయ్యిలోంచి తీసినట్టు నల్లటి మసి.

పమూతి ఆ మసిని బొటనవేలికి రాసుకుని, వాసన చూసి, నాలిక్కి తగిలించుకున్నాడు. అప్పుడు అర్థమైంది. ఈనె ఆగింది బెజ్జం అడుగున కాదు. ఫీబు ఎంతో లోతుకి దింపి, ఆ లోతునిండా ఏదో నల్లటి ముద్ద కూరాడు. ముప్ఫై ఏళ్ళకి అది ఈనె దిగనంత గట్టిపడింది.

"మసే! చీకటి కాదు, మసి! మోసం చేశాడే! ఊరినంతా మోసం చేశాడు!" పమూతి లేచి వాకిట్లో గిర్రున తిరిగాడు. ముప్ఫై ఏళ్ళు మసిని చూసి ఏడ్చానన్న సిగ్గు ఒకపక్క, దొరికాడు దొంగ అన్న సంబరం ఒకపక్క.

"సంతోషిస్తావో ఏడుస్తావో తొందరగా తేల్చుకో," అంది నొన్న కిందకి వంగి చూస్తూ. "బెజ్జంలోంచి వెంట్రుకంత చీలిక లేచింది. ఆకు దాకా వచ్చేసింది."

పమూతి ఒక్క గంతులో రాయి దగ్గరకొచ్చి చీలిక చూశాడు. ఈ రాయి ఎత్తేటప్పుడు రెండు ముక్కలైతే ఇంక ఏ మఠం గుమ్మమూ అతన్ని పిలవదు. అదైనా పరవాలేదు. ఫీబు చెక్కిన రాయిని పమూతి విరగ్గొట్టాడంటారు. చచ్చేదాకా అంటారు, చచ్చాక కూడా అంటారు. ఎక్కడెక్కడ ఎంత లోతుందో, ఆ ముద్ద ఏమిటో, తెలిసిన మనిషి ఒక్కడే. పమూతి చెప్పులేసుకున్నాడు.

దారిపొడుగునా ఎత్తిపొడుపులు తయారుచేసుకుంటూ నడిచాడు. ఏమయ్యా మసిశిల్పీ అని మొదలెడదామనుకున్నాడు. మఠం వంటింటి గుమ్మంలోకి వెళ్ళేసరికి బక్కపలచటి ముసలి సన్యాసి ఒకడు, గడ్డం నిండా పిండితో, మోచేతుల దాకా తొట్టిలో ముంచి పిసుకుతున్నాడు. తలెత్తి పమూతిని చూశాడు. ఒక క్షణం ఊరికే చూశాడు. తర్వాత నవ్వాడు.

"పమూతీ! నువ్వేనట్రా!"

ఎత్తిపొడుపులన్నీ గుమ్మం బయటే ఉండిపోయాయి. "రాయి చీలుతోంది. నువ్వు రావాలి," అన్నాడు పమూతి.

సాయంత్రం ప్రార్థన దాకా మఠాధిపతి సెలవిచ్చాడు. ఫీబు వాకిట్లోకి రాగానే నొన్న వంగి చేతులు ముద్దుపెట్టుకుంది. "సన్యాసివి గదా, అపా ఫీబు అనాలా, ఫీబన్నా అనాలా?" అంది.

"ఏదైనా పలుకుతాను, తల్లీ. ముందు కాసిని మంచినీళ్ళియ్యి."

నీళ్ళు తాగి, బెజ్జం దగ్గర చతికిలబడి, చీలిక వెంబడి గోరు పెట్టి రాశాడు. "ఎంత దింపావు?"

"నాలుగున్నర."

"నేను అయిదు దింపాను. కలుసుకోక ఏం చేస్తాయి!"

"అయిదా? అంత లోతు ఎవడు దింపమన్నాడు నిన్ను?"

"నువ్వే," అన్నాడు ఫీబు.

"నేనా?"

"అప్పుడు నువ్వు స్తంభాల తలలకి ఆకులు చెక్కుతుండేవాడివి గుర్తుందా? నా పక్కనే. రెండు వేళ్ళ లోతులో నీ ఆకు లేచి కూచునేది. నాది నాలుగు దింపినా లేచేది కాదు. నీ ఆకు చూసి చూసి నాకు కడుపు రగిలిపోయేది. ఇంకా దింపాను. ఇంకా దింపాను. ఆఖరికి తీగ ఊడే పన్నులా కదలడం మొదలెట్టింది. గురువుగారు చూస్తే చంపేస్తారని, సున్నంలో విరిగినపాలూ మసీ కలిపి పిసికి, ఊడిపోకుండా కూరాను. ఊరు దాన్ని చూసి నీడ అంది. నేను నోరు మూసుకున్నాను."

పమూతి పీట లాక్కుని ఎదురుగా కూచున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా వినాలనుకున్న మాట ఇదే. చెవులు నమ్మలేదు.

"ఏమన్నావు? నా ఆకు చూసి?"

"కడుపు రగిలేదన్నాను."

"ఎంత?"

"ఎంతేమిట్రా? మీ పెళ్ళి భోజనం నేను తిన్నానా? జ్వరమని చెప్పి పడుకోలేదూ?"

"ఓహో, ఆ జ్వరం ఇదా! నీకోసమని కషాయం కాచి పంపింది కూడా మా అమ్మ!" అంది నొన్న.

పమూతి ముఖం వెలిగిపోయింది. పాతికేళ్ళ వయసు తిరిగొచ్చినట్టుంది. ముందుకి వంగి, ఫీబు మోకాలు పట్టుకుని, "మరి ఇప్పుడో?" అన్నాడు.

"ఇప్పుడేమిటి?"

"ఇప్పుడు, నా ఈ ఆకులు చూస్తుంటే ఎలా ఉంది? నిజం చెప్పు. సన్యాసిలా కాదు, పనివాడిలా చెప్పు."

ఫీబు ఆకులకేసి చూశాడు. ఓపిగ్గానే చూశాడు. "బాగున్నాయిరా," అన్నాడు.

"దానికన్నా?"

"ఏమో మరి. అవును, బాగానే ఉన్నాయి." ఎండ ఎంత వాలిందోనని గోడకేసి చూసుకున్నాడు. "కోపం తెచ్చుకోకు. రొట్టెల పనిలో పడ్డ కొత్తల్లో రోజూ నువ్వే గుర్తొచ్చేవాడివి. పిండి పిసికినా నీ ఆకే. తర్వాత వారానికోసారి గుర్తొచ్చేవాడివి. తర్వాత ఆ కడుపుమంట ఎప్పుడు పోయిందో నాకే తెలీదు. ఇవాళ నువ్వొచ్చి గుమ్మంలో నించుంటే, ఎవరబ్బా ఈయన అని ఒక క్షణం ఆలోచించాను."

నొన్న మొగుడి ముఖం చూసి తల తిప్పేసుకుంది.

రాయి మీద కుళ్ళుకోవడం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. తాడుకి రెండో కొసన ఎవడో ఉన్నాడనుకుని ముప్ఫై ఏళ్ళు లాగాడు పమూతి. అటువాడు ఎప్పుడో వదిలేసి వెళ్ళి భోజనం చేసి పడుకున్నాడు. హాయిగా నిద్ర కూడా పోయాడు. ఆ నిద్ర మీద, గడ్డానికంటిన ఆ పిండి మీద, ఎవరబ్బా అనుకోగలిగిన ఆ తీరిక మీద పమూతికి పుట్టిన అసూయ ముందు పాత అసూయ చిన్నపిల్లాట.

ఫీబు ఇవేమీ గమనించలేదు. సున్నం, మసి, విరిగినపాలు అడిగి తెప్పించుకుని, రొట్టెపిండి కలిపినంత నిదానంగా కలిపాడు. బెజ్జంలోకీ చీలికలోకీ వేలితో కూరి, తడిగుడ్డ కప్పి, పది రోజులు ఎండ తగలనివ్వద్దన్నాడు. నొన్న ఇచ్చిన ఎండుఖర్జూరాలు గుప్పెడు అంగీ మడతలో వేసుకుని, మఠంలో ప్రార్థనకి పిలిచే చెక్కగంట కొట్టేవేళకి వెళ్ళిపోయాడు.

ముద్ద గట్టిపడింది. చీలిక ఆగింది. పండగ ముందురోజు రాయిని మఠానికి చేర్చి, తాళ్ళు కట్టి, పూజాపీఠం పైన గూటి ఎదురుగా వేలాడదీశారు. ఆకులవైపు చూసి సన్యాసులంతా సిలువ గుర్తు వేసుకున్నారు. మఠాధిపతి పమూతి తల మీద చెయ్యిపెట్టి దీవించాడు. పమూతి దీవెన పుచ్చుకుని, నేరుగా వంటింటికి నడిచాడు.

"ఇంకాసేపట్లో నీ రాయి గోడలోకి పోతుంది. రా. ఆఖరిసారి చూసుకో."

"పొయ్యి నిండా రొట్టెలున్నాయిరా," అన్నాడు ఫీబు పార తిప్పుతూ. "మాడిపోతాయి. నువ్వు చూశావుగా, చాల్లే."

పమూతి ఒక్కడే తిరిగొచ్చాడు. గూట్లో మట్టి పరవడం అయిపోయింది. పరంజా ఎక్కిన సెరేను తాడు సడలించి రాయిని తిప్పాడు. ద్రాక్షతీగ వైపు పైనించి పడుతున్న వెలుతురులోకి వచ్చింది. సెరేను దోసిలినిండా తడిమట్టి ఎత్తాడు, రాయి వెనక కొట్టడానికి.

"ఆగు," అన్నాడు పమూతి.

చూశాడు. లోపలున్నది మసి అని తెలుసు. అయిదు వేళ్ళు దింపి, భయపడి కూరిందని తెలుసు. అన్నీ తెలిసే చూశాడు. తీగ ఇంకా గాలిలోనే ఉంది. ఎగ్గొట్టి తింటున్న పిల్లవాడి బుగ్గ ఇంకా ఉబ్బే ఉంది. తన ఆకుల్లో అంత గాలి లేదు. ఎప్పుడూ లేదు.

"ఎవరి పనన్నా ఇది?" అన్నాడు సెరేను. మంటపం కట్టిన నాటికి అతను పుట్టలేదు.

"ఫీబుది."

"ఏ ఫీబు? మన రొట్టెల అపా ఫీబా?"

"వాడే. ఈ ఊళ్ళో వాడంతటి పనివాడు మరి పుట్టలేదు."

"నువ్వున్నావుగా అన్నా!"

"నేను కూడా కాదు," అన్నాడు పమూతి.

ఈ మాట ముప్ఫై ఏళ్ళలో భార్య ముందు కూడా అనలేదు. ఒక్కసారి పైకి అనేస్తే, ఫీబుకి పోయినట్టే తనకీ ఆ కడుపుమంట పోతుందేమోనని అన్నాడు. సెరేను సరే అన్నట్టు తలాడించి, తీగ మీద మట్టి కొట్టి, నలుగురి సాయంతో రాయిని గూట్లోకి నెట్టేశాడు. పక్క వంటింట్లోంచి కాలుతున్న రొట్టెల కమ్మటి వాసన వస్తోంది. పమూతి కాసేపు అలాగే నిలబడి, తగ్గిందా అని చూసుకున్నాడు. తగ్గలేదు.